అరువు గొంతు

మధ్యాహ్నం మూడు దాటాక నాలుగో బండి ఖాళీగా బయటికి వచ్చింది. సీటు పట్టీ పెట్టింది పెట్టినట్టే ఉంది.

అందులో ఎక్కింది అత్తగారు. పట్టీ బిగించింది కోడలే, తన చేత్తో.

వినోదాల పార్కులోని "రేపటి ఇల్లు" కోడలి ఊహ. మూడేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదొక్కటే. జనం చిన్న బండ్లలో కూర్చుంటారు. బండ్లు నడక కన్నా నెమ్మదిగా చీకటి గదుల్లోంచి పోతాయి. యాభై ఏళ్ళ తర్వాత మనుషుల ఇళ్ళు ఎలా ఉంటాయో ఒక్కో గదీ చూపిస్తుంది. వచ్చే వారం అందరికీ తెరుస్తారు. ఇవాళ సిబ్బంది ఇళ్ళవాళ్ళకి మాత్రమే.

పట్టీ విప్పితే బండ్లు వాటంతటవే ఆగుతాయి. అలా ఏర్పాటు చేయించిందీ ఆమే. కానీ అత్తగారు పట్టీ విప్పలేదు. కింది నుంచి జారి దిగిపోయింది. మామగారు పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ అంత చిక్కిపోయింది.

కోడలు "ఆపు" అనేలోపే ఆపరేటరు ఎర్ర బటన్ నొక్కేశాడు. బండ్లు ఆగాయి. సంగీతం ఆగింది. అన్నిటికన్నా చివర లోపల మోటారు ఆగింది. ఆగే ముందు ఒకసారి మూలిగింది.

ఆ మూలుగు ఇద్దరూ విన్నారు. ఇద్దరూ దాని మాట ఎత్తలేదు.

ఆపరేటరుని పార్కులో అందరూ నిదానం అంటారు. ఏం చెప్పినా "నిదానం మేడమ్, నిదానం" అంటాడని ఆ పేరు. అతను పరుగెత్తడం ఆమె మొదటిసారి చూసింది.

"అమ్మ ఏది?" అంది వదిన. భర్తకి అక్క. బండ్లు దిగే చోట వాటర్ బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. "బండి వచ్చింది. అమ్మ ఏది?"

"లోపల దిగినట్టున్నారు వదినా."

"దిగడమేంటి? మధ్యలో దిగుతారా ఇందులో?"

"దిగరు."

"దిగరంటావ్, దిగిందంటావ్!" వదిన బాటిల్ బల్ల మీద పెట్టింది. "చీకట్లో నాకు కళ్ళు తిరుగుతాయి, అయినా పక్కన కూర్చుంటానే అంటే విందా? నేనేమన్నా చంటిపిల్లనా అంది. నువ్వైనా చెప్పొద్దూ?"

కోడలు అప్పటికే టార్చి తీసుకుని పట్టాల మీద నడుస్తోంది. వదిన వెనకే వచ్చింది. రావద్దని చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

మొదటి గది వంటిల్లు. యాభై ఏళ్ళ తర్వాతి తల్లి గిన్నె ముందు నిలబడి ఉంది. నిండు మనిషంత బొమ్మ. చెయ్యి పైకెత్తి ఉంది.

"అత్తయ్యా!"

బొమ్మ చెయ్యి కిందికి దిగింది.

వదిన కోడలి భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"గాలి మేడమ్," అన్నాడు నిదానం. "కరెంటు తీసేసినా గొట్టాల్లో గాలి ఉంటుంది. కాసేపు ఇలాగే కదుల్తాయి. దగ్గరికి పోకండి."

"మా అమ్మకి తెలుసా ఆ సంగతి?" అంది వదిన.

కోడలు టార్చి తర్వాతి గది వైపు తిప్పింది.

రెండో గదిలో లేదు. మూడో గదిలో లేదు. అద్దాల వెనక చూశారు. పొగ యంత్రం వెనక చూశారు. చివరి గది గుమ్మం బయట చెప్పులు కనిపించాయి. గోడ వారగా, జతగా విడిచి ఉన్నాయి.

"అమ్మవే," అంది వదిన. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇంటికొచ్చినట్టు విడిచిందే!"

ఆ గుమ్మం నిజంగా ఒక గుమ్మమే. జనం తమ ఇంటికి తామే వచ్చినట్టు అనుకోవాలని కోడలే కట్టించింది.

చివరి గది పడకగది. అది ఒక పెద్ద చక్రం మీద ఉంది. చక్రం మధ్యలో అడ్డంగా గోడ. గోడకి ఇటొక గది, అటొక గది. జనం చూస్తుండగా చక్రం తిరిగి, ఇవాళ్టి పడకగది పోయి రేపటి పడకగది వస్తుంది. ఇప్పుడు వాళ్ళ ముందున్నది రేపటిది. మంచం ఉంది. మనిషి లేదు.

"ఇవాళ్టి గదిలోకి ఎక్కి ఉంటారు," అంది కోడలు. "చక్రం తిరిగింది. అటు వెళ్ళిపోయారు."

"అటంటే?"

"గోడ వెనక్కి."

"వెనక నుంచి వెళ్ళి తీసుకురండి మరి!"

నిదానం కోడలి వైపు చూశాడు. ఆమె చెప్పక తప్పలేదు. వెనక్కి వెళ్ళే దారి చక్రం తన చోట ఆగితేనే తెరుచుకుంటుంది. ఇది చోటు చేరడానికి కొంచెం ముందు ఆగింది. దారి మూసుకుపోయింది. వెనక వైపు చక్రం అంచు దాటితే నేల లేదు. మోటారు గొయ్యి ఉంది. లైటు కూడా లేదు. జనం చూడని చోట లైటెందుకని ఆమే తీసేయించింది.

అప్పుడు గోడ వెనక అడుగుల చప్పుడు వినిపించింది. వట్టి కాళ్ళు చెక్క మీద నడుస్తున్నాయి.

"అమ్మా!" వదిన అరిచింది. "అమ్మా, నేనే! కదలకే!"

అడుగులు ఆగాయి.

"ఎవరు?" అత్తగారి గొంతు. "ఎవరు మీరు? మా ఇంట్లోకి ఎలా వచ్చారు?"

"అత్తయ్యా, నేను. మీరు ఎక్కడున్నారో అక్కడే కూర్చోండి."

"నాకు మీరెవరో తెలీదు. ఆయన వచ్చారు. పిలిచారు. మర్యాదగా వెళ్ళిపోండి."

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి వేగంగా. గోడకి దూరంగా, అంచు వైపు.

"పిలవొద్దు," అంది కోడలు. "వదినా, దండం పెడతాను, పిలవొద్దు. మన గొంతులకి భయపడుతున్నారు."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడుగులు కాసేపటికి మెల్లబడ్డాయి. ఆగాయి. ఎక్కడ ఆగాయో ఇటు నుంచి తెలియదు.

నిదానం బయటికి వెళ్ళి ఫైరు వాళ్ళకి ఫోన్ చేశాడు. బయల్దేరారని, ట్రాఫిక్కులో ఉన్నారని వచ్చి చెప్పాడు. అతని వెనకే భర్త వచ్చాడు. ఆఫీసు నుంచి తల్లి సరదా చూద్దామని వచ్చిన మనిషి. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది.

గేటు దగ్గరే అతనికి సంగతి తెలిసింది. "ఎంతసేపయింది?" అన్నాడు.

"ఎంతసేపో నాకేం తెలుసురా," అంది అక్క. "నాకు పదేళ్ళు పైబడినంత సేపయింది."

"అమ్మ మాట్లాడిందా?"

"మాట్లాడింది. మీరెవరంది. కన్నకూతుర్ని, నన్ను ఎవరంది. డాక్టరుకి చూపిద్దాంరా అంటే ఏమన్నావ్? అమ్మకేం, దిగులు మీద ఉంది, అదే సర్దుకుంటుందన్నావ్. సర్దుకుందా?"

"అక్కా, ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఇంకోటి కూడా అడుగుతా, చెప్పండి." వదిన కోడలి వైపు తిరిగింది. "బండి రాకముందు లోపల్నుంచి నాకు నాన్న గొంతు వినిపించింది. చెవులు మోగుతున్నాయేమో అనుకున్నా. అమ్మ కూడా ఆయన పిలిచారంటోంది. ఇద్దరికీ ఒకేసారి చెవులు మోగుతాయా?"

భర్త భార్యని చూశాడు.

"అది మామయ్యగారి గొంతే," అంది ఆమె.

గొట్టాల్లో గాలి ఎక్కడో బుస్సుమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు.

"ఎలా వచ్చింది?" అన్నాడు భర్త.

ఆమె చెప్పింది. ఏ గదిలో ఏం వినపడాలో ముందు రాసుకుంటారు. నటుడు వచ్చి రికార్డు చేసేదాకా ఎవరో ఒకరు ఆ మాటలు చదివి పెడతారు. ఆఫీసువాళ్ళో, ఇంట్లోవాళ్ళో. దాన్ని వాళ్ళ పనిలో అరువు గొంతు అంటారు. నిరుడు భోజనాల బల్ల దగ్గర ఈ ఇంటికి అరువు గొంతు ఇచ్చింది మామగారు. "స్వాగతం, మీ ఇల్లు మీ కోసం ఎదురుచూస్తోంది" అని చదివి, కాయితం పక్కన పడేసి నవ్వారు. ఇల్లు ఇలా బ్యాంకు మేనేజరులా మాట్లాడుతుందా అన్నారు. ఇలా పిలవాలి అని తన మాట ఒకటి అన్నారు.

"నాన్న ఏమన్నాడు?" అన్నాడు భర్త.

"ఇదుగో, వచ్చావా? ఇంతసేపు ఎక్కడికెళ్ళావు?"

వదిన కళ్ళు మూసుకుంది. ఆ ఇంట్లో ఆ మాట వినని రోజు లేదు. మామగారు భార్యని పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. ఆవిడ పేరు "ఇదుగో".

"నటుడు వచ్చాక ఆ రాసినవన్నీ మార్చారు," అంది కోడలు. "రాసినవి మార్చారు. ఇది రాసింది కాదు. అందుకని మిగిలిపోయింది."

"నువ్వు వినలేదా?" అన్నాడు అతను.

ఆమె టార్చి ఆర్పి మళ్ళీ వేసింది.

"అడుగుతున్నా. మూడేళ్ళు ఇందులోనే ఉన్నావ్. బండ్లలో వందసార్లు తిరిగుంటావ్. వినలేదా?"

"విన్నాను. పోయిన నెల."

"విని?"

"అన్నీ కొత్తవే పెడితే రేపటి ఇంటిని ఎవరూ నమ్మరు. ప్రతి గదిలో పాతది ఒకటి ఉండాలి. అది మా పద్ధతి. ఈ గదికి అది సరిపోయిందనిపించింది."

"అంటే మా నాన్న నీకు పాత సామానా?"

"అలా అనకు."

"ఎలా అనాలి? నువ్వే చెప్పు, రాసివ్వు, చదువుతాను."

"మెల్లిగా," అంది వదిన. "మెల్లిగా అఘోరించండి. అక్కడ అమ్మ వింటోంది."

ముగ్గురూ గోడ వైపు చూశారు. గోడ వెనక చప్పుడు లేదు. ఇందాక అడుగులు వినిపిస్తే భయమేసింది. ఇప్పుడు వినిపించకపోతే భయమేస్తోంది.

నిదానం గొంతు సవరించుకున్నాడు. "చక్రాన్ని చేత్తో తిప్పొచ్చు మేడమ్. ఇనప పిడి ఉంది. కానీ తిప్పేటప్పుడు ఆవిడ అంచున ఉంటే..."

"తెలుసు," అంది కోడలు. "మంచం మీద ఉండాలి. మంచం గోడకి ఆనుకుని ఉంది. మంచం మీద కూర్చుంటే ఏమీ కాదు."

"ఎవరు చెప్తే కూర్చుంటుంది?" అంది వదిన. "మన మాట వినడం లేదు కదా. పోనీ ఆ నాన్న గొంతే మళ్ళీ పెట్టండి."

"వద్దు."

"నీకిప్పుడు సిగ్గేసిందా?"

"సిగ్గు కాదు వదినా. ఆ గొంతు వచ్చావా అంటుంది. అంటే లేచి వెళ్తారు. ఏ వైపు వెళ్తారో మనకి తెలీదు. ఆ గొంతుకి వేరే మాట రాదు. కూర్చో అనడం రాదు."

వదిన తమ్ముడి వైపు తిరిగింది. కోడలు కూడా అప్పటికే అతన్నే చూస్తోంది.

"ఏంటి?" అన్నాడు.

"ఫోన్లో నువ్వు హలో అంటే నాన్న అనుకుని మాట్లాడినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు," అంది అక్క. "అమ్మే పొరబడేది."

"నా వల్ల కాదు."

"ఒరేయ్."

"అక్కా, అమ్మని పట్టుకుని నేను..." అతను ఆగాడు. "అమ్మని అలా పిలవమంటావా?"

"ఎలాగో ఒకలా పిలిచి కూర్చోబెట్టరా నాయనా. తర్వాత నన్ను తిట్టుకో."

అతను గోడ దగ్గరికి వెళ్ళాడు. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. "అమ్..." అని ఆగిపోయాడు.

గోడ వెనక చెక్క కిర్రుమంది. అంచు వైపు.

"ఇదుగో," అన్నాడు.

పోలిక కాదు. అదే గొంతు. ఎనిమిది నెలల కిందట ఇంట్లోంచి వెళ్ళిపోయిన గొంతు.

జవాబు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు అందులో భయం లేదు.

"వచ్చారా? ఇందాకటి నుంచి ఎవరెవరో ఇంట్లో తిరుగుతున్నారండీ."

"వాళ్ళని పంపించేశాను. ఇదుగో, నువ్వు మంచం మీద కూర్చో."

"ఎందుకు?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. కోడలు "నేల తడి" అని పెదవులతో చెప్పింది.

"నేల తడిగా ఉంది."

"ఎవరు తడిపారు?"

"అమ్మాయి తుడిచింది."

"బట్ట పిండి తుడవమని దానికి ఎన్నిసార్లు చెప్పాలి! అలా వరద పారిస్తుంది."

వదినకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. "దొరికాను," అంది గొణుగుతూ. "ఇక్కడ కూడా నేనే దొరికాను."

"కూర్చున్నావా?" అన్నాడు అతను.

"చీకటిగా ఉంది. మంచం ఎటుంది?"

"గోడ తడుముకుంటూ రా. నా గొంతు వినపడే వైపు రా. మెల్లిగా."

అడుగులు దగ్గరయ్యాయి. ఒక అడుగు, ఆగడం. మరో అడుగు. గోడ మీద అరచేయి రాసుకుంటూ వస్తున్న చప్పుడు. అతను కూడా ఇటు వైపు గోడ మీద అరచేయి పెట్టాడు. మంచం స్ప్రింగులు మూలిగాయి.

"కూర్చున్నానండీ."

"కాళ్ళు పైకి పెట్టుకో. నేను వచ్చేదాకా దించకు."

"సరే. తొందరగా రండి."

నిదానం పిడి తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. చక్రం కదిలింది. కోడలు నేల మీద బోర్లా పడుకుని, చక్రానికీ నేలకీ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసింది. మోటారు మూలుగు ఆమె చెవుల్లోంచి పోలేదు. ఏదో అడ్డం పడితేనే అది అలా మూలుగుతుంది.

సందులో తెల్లగా ఏదో కనిపించింది.

"ఆపు!"

నిదానం ఆపాడు. వదిన, "ఏంటి? ఏం కనిపించింది?" అంది. కోడలు జవాబివ్వలేదు. చెయ్యి సందులో పెట్టింది. వేళ్ళకి తగిలింది. లాగింది. దుప్పటి అంచు. మంచం మీదిది. చక్రం కింద పడి నలిగింది.

"దుప్పటి," అంది. "తిప్పు."

గోడ మెల్లగా తిరిగింది. ఇవాళ్టి పడకగది ముందుకి వచ్చింది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు పైకి ముడుచుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు.

వదిన పరుగెత్తింది. "అమ్మా! చంపేశావే నన్ను!"

"అరవకే," అంది అత్తగారు. "నాన్న వచ్చీ రాగానే అరుపులేంటి?"

వదిన మంచం ముందే ఆగిపోయింది.

అత్తగారు కొడుకు వైపు చూసింది. చెయ్యి చాచింది. అతను వెళ్ళి పట్టుకున్నాడు.

"చెయ్యి చల్లబడిందేంటండీ?"

"ఏం లేదు," అన్నాడు. తన గొంతుతోనే అన్నాడు. అయినా ఆవిడ చెయ్యి వదల్లేదు.

"అమ్మా, నేను," అన్నాడు. "చూడు. నేనమ్మా."

అత్తగారి ముఖం మారింది. అతన్ని చూసింది. కూతుర్ని చూసింది.

"ఎందుకలా పిలుస్తున్నారు? ఏమైంది మీకు?"

"ఏం కాలేదత్తయ్యా," అంది కోడలు. "ఏం కాలేదు. ఇంటికి వెళ్దాం."

"నువ్వు ఉండమ్మా." అత్తగారు కోడల్ని చూడలేదు. కొడుకు చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "నిన్న మొన్నటిదాకా బాగానే ఉన్నారు. ఇప్పుడు అమ్మా అంటున్నారు. అబ్బాయిని పిలవండి. వాడొస్తే గానీ నేను కదల్ను. వాడికి తెలుస్తుంది ఏం చెయ్యాలో."

అతను అక్క వైపు తిరిగాడు.

"అబ్బాయి ఎక్కడున్నాడే?" అంది కూతురితో.

వదిన తమ్ముణ్ణి చూసింది. "ఆఫీసులో ఉన్నాడమ్మా," అంది.

"ఫోన్ చెయ్యి. నాన్నకి బాలేదని చెప్పు. పరుగెత్తుకొస్తాడు."

"తర్వాత చేస్తా అమ్మా. ముందు లే."

"ఇప్పుడు చెయ్యి!"

ఆ అరుపుకి నిదానం కూడా వెనక్కి తగ్గాడు. అత్తగారు ఒక కాలు మంచం మీంచి దించింది. చక్రం ఇంకా తన చోటికి రాలేదు. మంచానికి అవతల అంచు తెరిచే ఉంది.

"చెయ్యి వదినా," అంది కోడలు. "చెయ్యి. కాలు దించనివ్వకు."

వదిన ఫోను తీసింది. ఒకసారి తప్పు నొక్కింది. మళ్ళీ నొక్కింది. చెవికి పెట్టుకుంది.

తమ్ముడి జేబులో ఫోను మోగింది.

అత్తగారు ఆ జేబు వైపు చూసింది. తర్వాత అతని ముఖం వైపు చూసింది. దించిన కాలు మళ్ళీ పైకి తీసుకుంది.

"తియ్యండి," అంది. "అబ్బాయే అయ్యుంటాడు."

అతను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. చెయ్యి చాస్తే అందే దూరంలో వాళ్ళక్క తన ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. లైను కట్ కాలేదు.